పాత బ్రష్ ట్రక్కుకి సెలవెప్పుడు, దాని చోట ఏది తేవాలి: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికా పల్లె ప్రాంతాల్లోని వాలంటీర్ ఫైర్ డిపార్ట్‌మెంట్లలో బ్రష్ ట్రక్కు మార్చే చర్చ ఒకసారి మొదలైతే ఏడాది, రెండేళ్లు సాగుతుంది. ప్రతి మీటింగ్‌లోనూ అవే ప్రశ్నలు. పోయిన నెల అడిగినాయనే ఈ నెలా అడుగుతాడు. ఆయన్ని అని లాభం లేదు, మధ్యలో మినిట్స్ తెరిచి చూసేవాళ్లెవరు? నేను రెండుసార్లు ట్రక్కు కమిటీలో కూర్చున్నాను. మొదటిసారి తప్పు ట్రక్కు కొన్నాం. ఆ అనుభవంతోనే ఇవన్నీ ఒకచోట రాసి పెడుతున్నాను. ఎవరికి ఏ ప్రశ్న కావాలో నేరుగా అక్కడికే వెళ్లి చదువుకోవచ్చు.

## మార్చాలా వద్దా అని తేల్చుకునే దశ

అసలు బ్రష్ ట్రక్కంటే ఏంటి? మామూలు ఫైరింజన్ ఆ పని చెయ్యదా?

గడ్డి, పొదలు, అడవి అంచుల్లో అంటుకునే మంటల కోసం కట్టిన చిన్న బండి ఇది. ఎక్కువగా 'ఒక టన్ను' తరగతి లేదా అంతకంటే కాస్త పెద్ద పికప్ ఛాసిస్ (బండి చట్రం), నాలుగు చక్రాలకీ డ్రైవు, వెనక ఒక ట్యాంకు, చిన్న ఇంజన్‌తో నడిచే పంపు, రీలు మీద సన్నటి హోస్ ఉంటాయి. నెమ్మదిగా కదులుతూనే నీళ్లు కొట్టగలగడం దీని ప్రత్యేకత. పెద్ద ఫైరింజన్ నిమిషానికి వెయ్యి గ్యాలన్లు తోడుతుంది గానీ తడిసిన పొలంలోకి దిగితే అక్కడే కూరుకుపోతుంది. అప్పుడు మంట ఆర్పడం మానేసి బండిని లాగడమే పనవుతుంది.

మా ట్రక్కు ఇంకా ఒక్క తాళానికే స్టార్ట్ అవుతోంది. మార్చాల్సిన అవసరమేంటి?

అందరికంటే ఎక్కువసార్లు వినేది ఈ మాటే. స్టార్ట్ అవుతోందంటే బ్యాటరీ, స్టార్టర్ బాగున్నాయని అర్థం, అంతే. అడగాల్సినవి వేరే ఉన్నాయి. నిండు ట్యాంకుతో దిగుడు రోడ్డులో బ్రేకు తొక్కితే ఎంత దూరంలో ఆగుతుంది? లోపల కూర్చున్న ప్రతి ఒక్కరికీ మూడు చోట్ల పట్టే సీటు బెల్టు ఉందా? పొగలో ఉండగా పంపు ఆగిపోతే మళ్లీ వెంటనే అందుకుంటుందా? ఫ్రేము మీద ఎంత బరువుంది, ఎంత ఉండాలి? ఇందులో ఏ ఒక్కదానికి జవాబు తెలియకపోయినా, స్టార్ట్ అవుతోందన్న ధైర్యంతో పిల్లల్ని అందులో ఎక్కించకూడదు. మా వాలంటీర్లలో పద్దెనిమిది, ఇరవై ఏళ్లవాళ్లూ ఉంటారు కాబట్టి పిల్లలనే అంటున్నాను.

ఇన్నేళ్లకి మార్చి తీరాలని రూలేమైనా ఉందా?

చట్టం లాంటిదేమీ లేదు, సిఫారసు ఉంది. ఫైర్ బండ్ల ప్రమాణాలు రాసే ఎన్‌ఎఫ్‌పీఏ చెప్పేదేంటంటే, 15 ఏళ్లు దాటిన బండి బాగా చూసుకున్నదైతే రిజర్వ్‌లోకి మార్చండి, 25 ఏళ్లు దాటితే తీసేయండి అని. ఇది అనుబంధంలో ఉన్న సలహా మాత్రమే. పైగా పెద్ద ఫైరింజన్లని మనసులో పెట్టుకుని రాసింది. పికప్ ఛాసిస్ మీద కట్టిన బ్రష్ ట్రక్కుకి 25 ఏళ్లంటే నా దృష్టిలో చాలా ఎక్కువ. గుంతలు, రాళ్లు, దున్నిన చేలు దాని రోజువారీ బాట. మా లెక్కలో 12 ఏళ్లు నిండగానే కమిటీ కూర్చుంటుంది, 15 నిండేలోపు కొత్తది వచ్చెయ్యాలి. మీటర్ చూసి కాకుండా క్యాలెండర్ చూసి మొదలుపెడితే డబ్బు కూడబెట్టుకోవడానికి టైము దొరుకుతుంది.

మైళ్లు 31 వేలే తిరిగింది. కొత్తదానికిందే లెక్క కదా?

కాదు. బ్రష్ ట్రక్కు నడిచేది తక్కువ, నిలబడి తిరిగేది ఎక్కువ. మంట దగ్గర మూడు గంటలు ఇంజన్ ఆన్‌లోనే ఉంటుంది, మైలేజీలో ఒక్క అంకె కూడా కదలదు. ఫ్లీట్లు నడిపేవాళ్లు ఒక గంట ఐడ్లింగ్‌ని సుమారు 25 నుంచి 33 మైళ్ల అరుగుదలగా లెక్కేస్తారు. అవర్ మీటర్‌లో 1,800 గంటలుండి, అందులో వెయ్యి గంటలు ఐడ్లింగే అయితే, 31 వేలకి ఇంకో 25 వేలు పైనే కలుపుకోండి. పంపు ఇంజన్ గంటలు వేరు, అవి విడిగా చూడాలి.

టైర్లదీ ఇదే కథ. గాడి లోతుగా, కొత్తగా కనిపిస్తుంది కానీ రబ్బరు వయసైపోయి ఉంటుంది. టైరు పక్కన డాట్ కోడ్‌లో చివరి నాలుగంకెలు చూడండి. 2316 అని ఉంటే 2016లో 23వ వారం తయారైందని. ఫైర్ బండ్లకి ఏడేళ్లు దాటిన టైరు గాడి ఎంతున్నా మార్చాల్సిందేనని ఎన్‌ఎఫ్‌పీఏ ప్రమాణం.

బరువు ఎక్కువైందో లేదో ఎలా తెలుసుకోవాలి?

ఊహించొద్దు, తూకం వెయ్యండి. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద ఒక స్టిక్కర్ ఉంటుంది. అందులో జీవీడబ్ల్యూఆర్ అని, బండి తన సొంత బరువుతో సహా మొత్తం ఎంత దాకా ఉండొచ్చో ఆ బరువు, దాని కింద ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ విడివిడిగా అంకెలు ఉంటాయి. వాటిని ఫోటో తీసుకోండి. తర్వాత ట్యాంకు నిండా నీళ్లు, ఫోమ్ డబ్బాలు, హోస్, చైన్ సా, పారలు, కూలర్‌లో నీళ్ల సీసాలు, ఇంధనం ఫుల్, మనుషులు గేర్‌తో (రక్షణ దుస్తులు, సామగ్రి) సహా ఎక్కి, హైవే పక్క ట్రక్ స్టాప్‌లో ఉండే తూకం ప్లాట్‌ఫారం మీదికి తీసుకెళ్లండి. ఇరుసులవారీగా అచ్చేసిన చీటీ ఇస్తారు.

మా పాత ట్రక్కుని అలా మొదటిసారి తూచింది దాని 19వ ఏట. తలుపు మీద 11,000 పౌండ్లు, చీటీ మీద 12,460. అదనంగా ఉన్న 1,460 పౌండ్లలో దాదాపు అంతా వెనక ఇరుసు మీదే. చీటీ చేతిలో పట్టుకుని ముగ్గురం కాసేపు మాట్లాడుకోలేదు. ఏళ్లతరబడి బ్రేకు ప్యాడ్లు ఎందుకంత తొందరగా అరుగుతున్నాయని మెకానిక్‌ని తిడుతూ వచ్చాం.

నీళ్ల బరువు గ్యాలన్‌కి 8.34 పౌండ్లు. 250 గ్యాలన్ల ట్యాంకంటే నీళ్లే 2,085 పౌండ్లు. మనిషికి గేర్‌తో కలిపి 250 పౌండ్లు వేసుకోండి. ఎడమ, కుడి చక్రాల మధ్య తేడా కూడా చూడాలి. ఒక ఇరుసు మీద రెండు పక్కల తేడా 7 శాతం మించకూడదని ప్రమాణం. టూల్ బాక్సులన్నీ ఒకే వైపు బిగించుకున్న బండ్లు ఏటవాలు నేల మీద ఎందుకు పడిపోతాయో ఆ అంకె చెబుతుంది.

తుప్పు పైకి కనబడటం లేదు. లోపల ఎక్కడ చూడాలి?

ట్యాంకు కింద. మీరు బండి కడిగేటప్పుడు ఎప్పుడూ చూడని చోటు అదే. స్కిడ్ యూనిట్ (ట్యాంకు, పంపు, రీలు కలిపి ఒకే చట్రం మీద బిగించిన సెట్టు) బోల్టులు విప్పి పైకెత్తితే తప్ప కనబడదు. ఏళ్లతరబడి కారిన నీళ్లూ ఫోమ్ ద్రవం కలిసి అక్కడ చేరతాయి. చలి ప్రాంతమైతే రోడ్ల మీద చల్లిన ఉప్పు తోడు. స్క్రూడ్రైవర్ మొనతో ఫ్రేముని గట్టిగా పొడిచి చూడండి. టంగ్‌మని శబ్దం వస్తే మంచిదే. మెత్తగా దిగి, పొరలు పొరలుగా గోధుమ రంగు పెచ్చులు రాలితే ఇంక మాట్లాడుకోవడానికేమీ లేదు. స్ప్రింగ్ షాకిల్స్, బ్రేకు గొట్టాలు, క్యాబ్ మౌంట్లు తర్వాత చూడండి. బ్రేకు గొట్టం పైపైన పెయింట్ వేసి ఉంటే మరింత అనుమానించండి.

రిపేరు చేయించుకుంటే పోలా?

గేర్‌బాక్సో పంపో ఒక్కటే పోతే చేయించండి. ఫ్రేము తుప్పు, అధిక బరువు రిపేరుతో పోయేవి కావు. విడిభాగం కోసం పాత బండ్ల యార్డుల వెంట తిరగడం మొదలైందంటే బండి అప్పటికే రిటైరైనట్టే, మీకే కబురు అందలేదు.

## కొత్తది ఎంచుకునే దశ

టైప్ 5, టైప్ 6, టైప్ 7 అంటారు. మాకేది సరిపోతుంది?

ఇది అడవి మంటల సమన్వయ సంస్థ ఎన్‌డబ్ల్యూసీజీ పెట్టిన వర్గీకరణ. టైప్ 7కి కనీసం 50 గ్యాలన్ల ట్యాంకు, నిమిషానికి 10 గ్యాలన్ల పంపు. టైప్ 6కి కనీసం 150 గ్యాలన్లు, 100 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లలో ఒత్తిడి) దగ్గర నిమిషానికి 50 గ్యాలన్లు, బండి మొత్తం బరువు 19,500 పౌండ్లు మించకూడదు. టైప్ 5కి కనీసం 400 గ్యాలన్లు, పరిమితి 26,000 పౌండ్లు. చిన్న డిపార్ట్‌మెంట్లలో ఎక్కువ మంది కొనేది టైప్ 6. ఫోర్డ్ ఎఫ్-550, రామ్ 5500 లాంటి ఛాసిస్‌ల పరిమితి 19,500 దాకా ఉండటం వల్ల అది వాటికి సరిగ్గా నప్పుతుంది.

పక్క కౌంటీలకో పక్క రాష్ట్రాలకో మంటల సీజన్లో బండిని పంపే ఉద్దేశం ఉంటే టైప్ నిబంధనలు అక్షరాలా పాటించాలి. హోస్ పొడవు ఒక్కటి తక్కువైనా తనిఖీలో వెనక్కి పంపుతారు. సొంత ఊరి గడ్డి మంటలకే పరిమితమైతే మీ గేట్లు ఎంత వెడల్పున్నాయి, కల్వర్టులు ఎంత బరువు మోస్తాయి అన్నవే ముఖ్యం.

ఎక్కువ నీళ్లు పట్టే ట్యాంకే మంచిది కదా?

మొదటి కమిటీలో నేనూ ఇదే వాదించాను, గెలిచాను కూడా. ఒక టన్ను ఛాసిస్ మీద 300 గ్యాలన్ల ట్యాంకు పెట్టించాం. తొలి రోజు నుంచీ బండి పరిమితికి మించి ఉంది. వాన పడిన మర్నాడు చేలోకి దింపితే వెనక చక్రాలు ఇరుసు దాకా దిగిపోయాయి. నీళ్లు వదిలేసి తేలిక చేసుకుని బయటపడ్డాం. అంటే అంత నీళ్లు మోసుకెళ్లింది పారబోయడానికే అన్నమాట.

గడ్డి మంటకి నీళ్ల పరిమాణం కంటే నీళ్లని ఎలా వాడతామన్నది ముఖ్యం. మంట అంచు వెంట నడుస్తూ, సన్నటి హోస్‌తో, తక్కువ ఫ్లో నాజిల్‌తో కొడితే 200 గ్యాలన్లు చాలా దూరం వస్తాయి. గడ్డి, కట్టెల మంటలకి వాడే క్లాస్ ఎ ఫోమ్‌ని 0.1 నుంచి 1 శాతం మధ్య కలిపితే నీళ్లు గడ్డిలోకి ఇంకుతాయి, జారిపోవు. ముందు జీవీడబ్ల్యూఆర్ నుంచి ఖాళీ ఛాసిస్, బాడీ, పంపు, ఖాళీ ట్యాంకు, మనుషులు, సామాన్ల బరువు తీసేయండి. ఓ పది శాతం వదిలెయ్యండి, ఎందుకంటే వచ్చే పదేళ్లలో ఎవరో ఒకరు ఏదో ఒకటి బిగిస్తూనే ఉంటారు. మిగిలిన పౌండ్లని 8.34తో భాగించండి. గ్యాలన్లలో ట్యాంకు సైజు అదే.

పాత స్కిడ్ యూనిట్ బాగుంది. దాన్నే కొత్త బండి మీదికి మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, చాలా డబ్బు మిగులుతుంది. పాలీ (ప్లాస్టిక్) ట్యాంకులు బండి కంటే ఎక్కువ కాలం బతుకుతాయి. మార్చే ముందు మూడు చూడండి. ట్యాంకు లోపల అలల్ని ఆపే అడ్డు పలకలు విరిగిపోయాయేమో టార్చి వేసి చూడాలి. అవి లేకపోతే మలుపులో నీళ్లన్నీ ఒక పక్కకి వెళ్లి బండిని పడేస్తాయి. పంపు తన రేటింగ్ ఇస్తోందో లేదో గేజి పెట్టి కొలవాలి. కొత్త బెడ్ పొడవు, చక్రాల వంపుల మధ్య వెడల్పు కొలత టేపుతో స్వయంగా కొలవాలి, బ్రోచర్ని నమ్మకుండా. అంగుళంన్నర తేడాతో యూనిట్ కూర్చోక, బెడ్ అంచు కోయించుకున్నవాళ్లని చూశాను.

డీజిల్ మంచిదా, పెట్రోలా?

ఒకప్పుడైతే కళ్లు మూసుకుని డీజిల్ అనేవాణ్ణి. ఇప్పుడు పెట్రోల్ అంటాను. 2007 ఉద్గారాల నిబంధనల తర్వాత డీజిల్ బండ్లకి మసిని పట్టే ఫిల్టర్ వచ్చింది. అది నిండితే ఇంజన్ దాన్ని లోపలే కాల్చుకుంటుంది. అప్పుడు ఎగ్జాస్ట్ దగ్గర వేడి విపరీతంగా పెరుగుతుంది. ఎండిన గడ్డిలో నిలబడి ఉన్న బండికి అది మంచి వార్త కాదు. పైగా ఆ ఫిల్టర్ శుభ్రపడాలంటే హైవే మీద బాగా పరిగెత్తాలి. మన బండి స్టేషన్ నుంచి మూడు మైళ్లు వెళ్లి, రెండు గంటలు ఐడ్లింగ్‌లో ఉండి, మళ్లీ మూడు మైళ్లు వస్తుంది. అత్యవసర బండ్లు ఈ వ్యవస్థల వల్ల మధ్యలో ఆగిపోకుండా 2012లో ఫెడరల్ పర్యావరణ సంస్థ ఈపీఏ వెసులుబాటు ఇచ్చింది. కాకపోతే ఆ ఏర్పాటు మీ బండిలో ఉందో లేదో డీలర్‌ని అడిగి కాగితం మీద రాయించుకోవాలి.

పెట్రోల్ బండికీ పొగని శుద్ధి చేస్తూ బాగా వేడెక్కే క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది, అదీ గడ్డిని అంటిస్తుంది. ఏ ఇంజనైనా సరే, కాలిపోయిన నల్లటి నేల మీదే బండి నిలపడం అలవాటు చేసుకోవాలి.

వెనక జంట చక్రాలా, ఒంటి చక్రాలా?

మీ నేలని బట్టి. రాళ్లున్న చోట జంట చక్రాల మధ్య రాయి ఇరుక్కుని రెండు టైర్లనీ కోసేస్తుంది. బురద, ఇసుక ఉన్నచోట వెడల్పాటి ఒంటి చక్రం బాగా తేలుతుంది, ముందు చక్రం గాడిలోనే నడుస్తుంది. అయితే ఆ టైరూ రిమ్మూ మీ వెనక ఇరుసు బరువుకి రేటింగ్ ఉన్నవేనా అని చూసుకోండి.

వెనక డెక్ మీద నిలబడి నీళ్లు కొట్టే ఏర్పాటు కావాలని మావాళ్ల పట్టు. పెట్టించాలా?

వద్దు. మైదాన ప్రాంతాల్లో తరాలుగా ఉన్న అలవాటని తెలుసు. ముందు బంపర్ మీద బుట్ట కట్టి అందులో మనిషిని నిలబెట్టే బండ్లూ ఉన్నాయి. కదిలే బండి మీద మనిషి బయట నిలబడకూడదని, సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకోవాలని ఎన్‌ఎఫ్‌పీఏ భద్రతా ప్రమాణం స్పష్టంగా చెబుతోంది. పొగలో డ్రైవర్‌కి గుంత కనబడదు, బండి ఎగిరితే మనిషి చక్రాల కింద పడతాడు. ఇలా ప్రాణాలు పోయాయి. క్యాబ్‌లోంచి జాయ్‌స్టిక్‌తో నడిపే బంపర్ టరెట్ (అటూ ఇటూ తిరిగే నాజిల్) పెట్టించుకుంటే ఆ పనే లోపల కూర్చుని చెయ్యొచ్చు. లేదా ఒకరు దిగి బండి పక్కన నడుస్తూ హోస్ పట్టుకోవచ్చు.

మిలిటరీ ట్రక్కు ఉచితంగా ఇస్తారట కదా?

ఇస్తారు, రాష్ట్ర అటవీ శాఖ ద్వారా. రెండు దారులున్నాయి, తేడా తెలుసుకోవాలి. ఎఫ్‌ఈపీపీ అనే పథకం కింద వస్తే బండి యాజమాన్యం అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌దే, మీకు అప్పుగా ఇచ్చినట్టు. అమ్మకూడదు, భాగాలు ఊడదీయకూడదు, పని అయిపోయాక తిరిగి అప్పగించాలి. ఎఫ్‌ఎఫ్‌పీ అనే రెండో పథకం కింద వస్తే, నిర్ణీత గడువులోగా సర్వీసులో పెట్టి షరతులు పూర్తిచేస్తే టైటిల్ (యాజమాన్య పత్రం) మీ పేరుకి మారుతుంది.

ఉచితం అన్నమాట మొదటి రోజుకే చెల్లుతుంది. తర్వాత ట్యాంకు, పంపు, రంగు, లైట్లు, రేడియో అన్నీ మీవే. ఎం35 రెండున్నర టన్నుల ట్రక్కు గరిష్ఠ వేగం గంటకి 56 మైళ్లు. పాత ఎం35ఏ2కి బ్రేకు హైడ్రాలిక్ ఒకటే సర్క్యూట్, ఒక గొట్టం పగిలితే మొత్తం బ్రేకు పోయినట్టే. ఎయిర్‌బ్యాగులుండవు, ఎత్తు ఎక్కువ. ఏ దారీ లేని కొండ ప్రాంతానికి ఇవి దేవుడిచ్చిన బండ్లే, కాదనను. హైవే మీద పన్నెండు మైళ్లు వెళ్లాల్సిన డిపార్ట్‌మెంట్‌కి మాత్రం వద్దు.

## డబ్బు కూడగట్టే దశ

గ్రాంట్లు ఎక్కడ దొరుకుతాయి?

ఫెడరల్ విపత్తుల సంస్థ ఫెమా ఫైర్ డిపార్ట్‌మెంట్లకి ఇచ్చే ఏఎఫ్‌జీ గ్రాంటు అన్నిటికంటే పెద్దది. 20 వేల లోపు జనాభా ఉన్న చోట మీ వాటా 5 శాతం, పది లక్షల దాకా 10 శాతం, ఆపైన 15 శాతం. పోటీ చాలా ఎక్కువ. వాలంటీర్ ఫైర్ అసిస్టెన్స్ అని ఇంకోటి ఉంది, ఫారెస్ట్ సర్వీస్ నిధులు రాష్ట్ర అటవీ శాఖ ద్వారా వస్తాయి. 10 వేల లోపు జనాభా ఉన్న ఊళ్లకి, సగం వాటా మీది. మొత్తాలు చిన్నవి గానీ స్కిడ్ యూనిట్‌కో పంపుకో సరిపోతాయి. ఫెడరల్ వ్యవసాయ శాఖ (యూఎస్‌డీఏ) గ్రామీణాభివృద్ధి విభాగం 20 వేల లోపు జనాభా ఉన్నచోట కమ్యూనిటీ ఫెసిలిటీస్ కింద అప్పు, కొంత గ్రాంటు ఇస్తుంది. కొన్ని రాష్ట్రాలకి సొంత పథకాలున్నాయి. టెక్సస్‌లో 2001 నుంచి గ్రామీణ వాలంటీర్ డిపార్ట్‌మెంట్ల కోసం అలాంటిది నడుస్తోంది.

ఫెడరల్ గ్రాంటు ఏదైనా సామ్ అనే ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్ట్రేషన్ ఉండాలి, ప్రతి ఏడాదీ రెన్యూ చెయ్యాలి. గడువుకి రెండ్రోజుల ముందు అది చచ్చిపోయిందని తెలిసి తల పట్టుకున్నవాళ్లలో నేనొకణ్ణి.

అప్లికేషన్‌లో ఏం రాస్తే పని జరుగుతుంది?

"మా బండి పాతది" అంటే అందరిదీ పాతదే. తూకం చీటీ స్కాన్ పెట్టండి. గత రెండేళ్లలో బండి ఎన్ని రోజులు షెడ్డులో ఉందో, ఆ రోజుల్లో ఎన్ని కాల్స్ వచ్చాయో, పక్క డిపార్ట్‌మెంట్ బండి రావడానికి ఎంతసేపు పట్టిందో రాయండి. ఫ్రేము తుప్పు ఫోటో పెట్టండి, పక్కన ఒక నాణెమో స్కేలో ఉంచి. ఇంకో మాట, అవార్డు లెటర్ (గ్రాంటు మంజూరు పత్రం) చేతికి రాకముందే బండికి ఆర్డర్ ఇచ్చేయకండి. ఆ ఖర్చు సాధారణంగా లెక్కలోకి తీసుకోరు.

ప్రతిసారీ సొంతంగా టెండర్ పిలవాలా?

అక్కర్లేదు. సోర్స్‌వెల్, హెచ్‌జీఏసీబై లాంటి సహకార కొనుగోలు సంస్థలు ముందే టెండర్ పిలిచి ధర ఖాయం చేసి పెడతాయి, సభ్యులుగా చేరి ఆ ధరకే కొనొచ్చు. మీ రాష్ట్ర చట్టం ఒప్పుకుంటుందో లేదో కౌంటీ అటార్నీని ఒకసారి అడగండి.

మా దగ్గర వెల్డింగ్ తెలిసినవాళ్లున్నారు. మేమే కట్టుకుంటే?

చాలా మంచి బండ్లు అలాగే పుట్టాయి. పట్టు రెండు చోట్ల తప్పుతుంది. ఒకటి కరెంటు పని. లైట్లు, సైరన్, రేడియో, పంపు స్టార్టర్ అన్నీ ఒకే తీగ మీద వేలాడదీస్తారు, నాలుగేళ్లకి డ్యాష్‌బోర్డు కింద ఏ రంగు తీగ ఎక్కడికెళ్తుందో కట్టినవాడికే గుర్తుండదు. ప్రతి తీగకీ లేబులు, ప్రతి సర్క్యూట్‌కీ ఫ్యూజు, తలుపు లోపల అతికించిన ఒక బొమ్మ తప్పనిసరి. రెండోది, ఫ్రేముకి వెల్డింగ్ చెయ్యడం, రంధ్రాలు వెయ్యడం. ఛాసిస్ కంపెనీ బాడీ బిల్డర్ల కోసం ఒక గైడు ఇస్తుంది, ఎక్కడ ముట్టుకోవచ్చో ఎక్కడ కూడదో అందులో ఉంటుంది. అది ప్రింటు తీసి షెడ్డులో తగిలించండి.

## కొత్తది వచ్చిన రోజు

డెలివరీ తీసుకునేటప్పుడు ఏం చూడాలి?

సంతకం పెట్టే ముందే ట్యాంకు నింపి తూకం వేయించండి. పంపుని కనీసం అరగంట ఆపకుండా నడపండి. కంపెనీ యార్డులో ఐదు నిమిషాలు బాగానే నడుస్తుంది, ఇరవయ్యో నిమిషంలో వేడెక్కి ఆగేది ఆగుతుంది. ప్రతి డ్రెయిన్ వాల్వూ తిప్పి చూడండి. చలికాలంలో పంపులో మిగిలిన గ్లాసుడు నీళ్లు గడ్డకడితే కేసింగ్ పగులుతుంది. గేర్ వేసుకుని, చేతికి గ్లవ్స్‌తో క్యాబ్‌లో కూర్చుని బెల్టు పెట్టుకోండి. బకిల్ దొరక్కపోతే రేపు ఎవ్వరూ పెట్టుకోరు.

పాతదీ కొత్తదీ ఎన్నాళ్లు కలిపి ఉంచాలి?

అందరు డ్రైవర్లూ కొత్తదాని మీద పగలొకసారి, రాత్రొకసారి, నిండు ట్యాంకుతో ఒకసారి నడిపేదాకా. మాకు ఆరు వారాలు పట్టింది. ముందుగా ఒక తేదీ గోడ మీద రాయండి. లేకపోతే ఆరు వారాలు ఆరేళ్లవుతాయి.

## పాతదాన్ని సాగనంపే దశ

రిజర్వ్‌గా ఒక మూల పడి ఉంటే నష్టమేంటి?

ఇన్సూరెన్స్ కడతారు, బ్యాటరీ చూడరు. రిజర్వ్ బండి కావాలనుకుంటే దానికీ వారం వారం చెకప్, ఏటేటా పంపు టెస్టు చెయ్యాలి. చెయ్యలేమంటే అది షెడ్డులో చోటు తినే ఇనుము. అధిక బరువని తెలిసి తీసేసిన బండినైతే రిజర్వ్‌లో పెట్టనే కూడదు. సీజన్ మధ్యలో కొత్తది షెడ్డుకెళ్లిన రోజున ఎవరో దాని తాళం తీస్తారు.

తీసేస్తే ఇళ్ల ఇన్సూరెన్స్ రేటింగ్ పడిపోతుందా?

అందరికీ కాదు. ఇన్సూరెన్స్ కంపెనీల కోసం ఊళ్ల అగ్నిమాపక ఏర్పాట్లని అంచనా వేసే ఐఎస్‌ఓ సంస్థ ఊళ్లకి 1 (అన్నిటికంటే మేలు) నుంచి 10 దాకా క్లాసులిస్తుంది. క్లాస్ 9కి ఒక బండైనా ఉండాలి, దానికి 150 పీఎస్‌ఐ దగ్గర నిమిషానికి 50 గ్యాలన్లు తోడే, బండికి శాశ్వతంగా బిగించిన పంపు, కనీసం 300 గ్యాలన్ల ట్యాంకు ఉండాలి. మీ డిపార్ట్‌మెంట్‌లో ఆ అర్హత ఉన్న బండి పాత బ్రష్ ట్రక్కు ఒక్కటే అయితే, చిన్న ట్యాంకున్నది తెచ్చి దీన్ని అమ్మడం ఊరందరి ప్రీమియం మీద పడుతుంది. పెద్ద ఫైరింజన్ ఉన్నవాళ్లకి ఈ బెంగ లేదు.

అమ్మే హక్కు మాకే ఉందా?

టైటిల్ కాగితం తీసి చూడండి, జ్ఞాపకాన్ని నమ్మకండి. ఊరి పేరున ఉంటే కౌన్సిల్ తీర్మానం కావాలి. ఫారెస్ట్ సర్వీస్‌దైతే తిరిగి ఇచ్చేయాలి. ఫెడరల్ గ్రాంటుతో కొన్నదై ఇంకా ఎక్కువ విలువ చేసేదైతే, ఏం చెయ్యాలో గ్రాంటిచ్చిన ఏజెన్సీని ముందు అడగాలి. మీ సొంతమే అయితే ప్రభుత్వ మిగులు సామాన్లు వేలం వేసే గవ్‌డీల్స్, పబ్లిక్ సర్‌ప్లస్ లాంటి సైట్లున్నాయి. లోపాలన్నీ దాచకుండా రాయండి, తూకం చీటీతో సహా.

అమ్మే ముందు ఏమేం తీసేయాలి?

సైరన్, ఎర్ర లైట్లు, రేడియో, పేరు, ముద్రలు. చాలా రాష్ట్రాల్లో మామూలు మనిషి బండికి ఎర్ర లైట్లు ఉండకూడదు. రేడియోలో మీ ఫ్రీక్వెన్సీలు ఉంటాయి. 2013 జనవరి 1 నాటికి తప్పనిసరైన నారోబ్యాండ్‌కి (సన్నటి రేడియో చానళ్లకి) మారలేని పాత సెట్టయితే ఏ డిపార్ట్‌మెంట్‌కీ పనికిరాదు, పారెయ్యండి. తలుపు మీద స్టిక్కర్ అక్షరాలు వేడిగాలి కొట్టి పీకేసినా, ఇరవై ఏళ్ల ఎండకి చుట్టూ రంగు వెలిసిపోయి అక్షరాల ఆకారం ముదురు ఎరుపులో అలాగే ఉంటుంది. దూరం నుంచే ఊరి పేరు చదవొచ్చు. తలుపుకి ఒక కోటింగ్ వేయించండి. కొన్నవాడు ఎక్కడైనా ఏదైనా చేస్తే మొదటి ఫోను మీకే వస్తుంది.

ఇంకా చిన్న డిపార్ట్‌మెంట్ ఒకటి అడుగుతోంది. ఇచ్చేయొచ్చా?

లోపం చెప్పి ఇవ్వగలిగితే ఇవ్వండి. ట్యాంకు చిన్నది చేసుకుంటే బరువు సరిపోయే బండి అయితే అది నిజమైన సాయం. తుప్పు పట్టిన ఫ్రేమునిస్తే మన ప్రమాదాన్ని వాళ్ల పిల్లలకి బదిలీ చేసినట్టు. అగ్నిమాపక సామగ్రిని దానం చేసినవాళ్లకి బాధ్యత నుంచి రక్షణనిచ్చే చట్టాలు కొన్ని రాష్ట్రాల్లో ఉన్నాయి, టెక్సస్ వాటిలో ఒకటి. మీ రాష్ట్రంలో ఏముందో చూసి, ఉన్నది ఉన్నట్టుగా ఇస్తున్నామని కాగితం రాసుకోండి.

అరలో పాత ఫోమ్ డబ్బాలు దొరికాయి. ఏం చెయ్యాలి?

లేబులు చదవండి. క్లాస్ ఎ అయితే గడువు చూసి ట్రైనింగ్‌లో వాడెయ్యండి. ఏఎఫ్‌ఎఫ్‌ఎఫ్ (పెట్రోల్, నూనె మంటల ఫోమ్) అని ఉంటే ఏళ్లతరబడి విరగకుండా నేలలో, నీళ్లలో ఉండిపోయే పీఎఫ్‌ఏఎస్ రసాయనాలుంటాయి, కాలవలో పోయకండి, బండితో పాటు అమ్మకండి. చాలా రాష్ట్రాలు తిరిగి తీసుకునే ఏర్పాటు చేశాయి, ఫైర్ మార్షల్ ఆఫీసుకి ఫోన్ చెయ్యండి.

మా పాత చీఫ్‌గారు ఈ ట్రక్కుని తన చేతులతో కట్టారు. తీసేద్దామంటే ముఖం తిప్పుకుంటున్నారు. ఎలా?

మా దగ్గరా అంతే. మేం వాదించడం మానేసి, తూకానికి ఆయన్నే డ్రైవర్‌గా రమ్మన్నాం. చీటీ ఆయన చేతికే వచ్చింది. దారంతా ఏం మాట్లాడలేదు. స్టేషన్ దగ్గర దిగుతూ, "అప్పట్లో 200 గ్యాలన్ల ట్యాంకే పెట్టాను. తర్వాత పెద్దది మార్చింది మీరే," అన్నారు. నిజమే. రికార్డుల్లో ఉంది. కొత్త ట్రక్కు కమిటీకి ఆయన్నే అధ్యక్షుణ్ణి చేశాం.